పదిహేను వేలకి ఎంత వెలుగు వస్తుంది?

మూడేళ్ల కిందటి సంక్రాంతి. మా ఊళ్లో రాత్రి కబడ్డీ ఫైనల్. బాబాయ్ కొడుకు, మేం చిన్నోడు అని పిలుస్తాం, మా ఊరి టీమ్‌కి మెయిన్ రైడర్. నేను హైదరాబాద్ నుంచి కెమెరా మెడలో వేసుకుని దిగాను. కెమెరా మీద కొత్త ఫ్లాష్. ఆన్‌లైన్ సేల్‌లో మూడు వేలకి వచ్చింది. బాక్సు మీద పెద్ద పెద్ద అంకెలున్నాయి, ఇక కోర్టంతా పగలైపోతుందనుకున్నా.

మొదటి రైడ్‌కి షటర్ 1/500 పెట్టి కొట్టాను. స్క్రీన్‌లో చూస్తే సగం ఫొటో నల్లగా ఉంది. ఏదో పోయిందనుకుని షటర్ 1/200కి దించాను. ఈసారి ఫొటో మొత్తం వచ్చింది కానీ చిన్నోడికి ఒక చెయ్యి గట్టిగా, ఇంకో చెయ్యి దెయ్యంలా పొగలాగా పడింది. అయినా ఆపలేదు. కోర్టు చివర, బోనస్ లైన్‌కి ఎదురుగా కూర్చుని కొడుతూనే ఉన్నాను.

చివరి రెండు నిమిషాల్లో చిన్నోడు బోనస్‌కి కాలు చాపాడు. నేను సరిగ్గా అప్పుడే కొట్టాను. కాలు గీతకి ఇవతలే పడింది. వెనక్కి తిరిగేలోపే పట్టేశారు. అంపైర్‌గా ఉన్న పీఈటీ మాస్టారు విజిల్ ఊది నా వైపు చూసి, "బాబూ, ఆ మెరుపు ఆపవయ్యా" అన్నారు. మ్యాచ్ రెండు పాయింట్ల తేడాతో పోయింది. ఎవరూ నన్నేం అనలేదు. రాత్రి భోజనాల దగ్గర చిన్నోడు మాత్రం మెల్లగా, "సున్నం గీత కనపడలేదు అన్నా" అన్నాడు. అంతే.

ఆ ముక్క నాకు ఫ్లాష్ గురించి చదివించినంతగా ఏ రివ్యూ చదివించలేదు. ఈమధ్య చాలామంది అడుగుతున్న ప్రశ్న ఒకటే. "భయ్యా, ఆటలు తీయాలి, పోర్ట్రెయిట్లూ తీయాలి, పదిహేను వేలలోపు ఏ ఫ్లాష్ కొనమంటావ్?" అందుకే ఈ వారం దాని సంగతి.

సగం ఫొటో ఎందుకు నల్లబడింది?

కెమెరా షటర్ అంటే ఒక తలుపు కాదు, రెండు తెరలు. మొదటి తెర తొలగుతుంది, సెన్సర్ మీద వెలుగు పడుతుంది, రెండో తెర వచ్చి మూసేస్తుంది. స్పీడ్ తక్కువగా ఉంటే రెండు తెరల మధ్య సెన్సర్ మొత్తం తెరుచుకుని ఉండే క్షణం ఒకటుంటుంది. ఫ్లాష్ ఆ క్షణంలో పేలాలి. స్పీడ్ పెంచితే మొదటి తెర పూర్తిగా తొలగకముందే రెండోది బయల్దేరుతుంది. అంటే ఒక చీలిక మాత్రమే సెన్సర్ మీదుగా పరుగెడుతుంది. అప్పుడు ఫ్లాష్ పేలితే ఆ చీలిక మేరకే వెలుగు, మిగతాది చీకటి.

సెన్సర్ మొత్తం తెరుచుకునే గరిష్ఠ వేగాన్ని సింక్ స్పీడ్ అంటారు. కెనాన్ 1500డి, నికాన్ డి3500లో అది 1/200. సోనీ ఏ7 త్రీలో 1/250. మీ కెమెరా మాన్యువల్‌లో ఉంటుంది, ఒకసారి చూసుకోండి.

దీనికి విరుగుడుగా హైస్పీడ్ సింక్, అంటే హెచ్‌ఎస్‌ఎస్ ఉంది. ఫ్లాష్ ఒక్కసారి పేలకుండా, చీలిక ప్రయాణం చేసినంతసేపూ గబగబా చిన్న చిన్న మెరుపులు కొడుతుంది. వినడానికి బాగుంది కానీ ఉచితం కాదు. బలం బాగా పడిపోతుంది, మామూలుగా వచ్చేదాంట్లో పావు వంతు వస్తే గొప్ప. పైగా అన్ని కెమెరాలూ చేయవు. నికాన్ డి3500, డి5600 లాంటి బాడీల్లో ఆ సౌకర్యమే లేదు. "హెచ్‌ఎస్‌ఎస్ ఫ్లాష్" అని బాక్సు మీద ఉంది కదా అని ఎక్కువ డబ్బు పెట్టేముందు మీ కెమెరా దాన్ని వాడగలదో లేదో చూడండి.

బాక్సు మీది అంకె

ఫ్లాష్ బాక్సుల మీద గైడ్ నంబర్ 60, 58 అని రాస్తారు. లెక్క సులువు. గైడ్ నంబర్‌ని ఎపర్చర్ అంకెతో భాగిస్తే వెలుగు ఎన్ని మీటర్లు అందుతుందో వస్తుంది. 60ని ఎఫ్ 4తో భాగిస్తే 15 మీటర్లు. కబడ్డీ కోర్టుకి సరిపోతుంది కదా అనిపిస్తుంది. నాకూ అలాగే అనిపించింది.

చిన్న అక్షరాల్లో ఉండేది వేరే. ఆ 60 అనేది ఫ్లాష్ తలని 200 ఎంఎం జూమ్‌కి పెట్టి, వెలుగునంతా సన్నని గొట్టంలా పంపినప్పుడు, ఫుల్ పవర్‌లో కొలిచిన అంకె. తలని 35 ఎంఎం దగ్గర పెట్టి వెలుగుని వెడల్పుగా పరిస్తే అంకె బాగా తగ్గిపోతుంది. గొడుగులోంచి, సాఫ్ట్‌బాక్స్‌లోంచి పంపితే ఇంకా తగ్గుతుంది. రెండు కంపెనీల ఫ్లాష్‌లు పోల్చేటప్పుడు ఏ జూమ్ దగ్గర కొలిచారో చూడకపోతే ఆ పోలికకి అర్థం లేదు.

ఇంకో సంగతి ఇంటర్ ఫిజిక్స్‌లో చదివి మర్చిపోయినదే. దూరం రెట్టింపైతే వెలుగు నాలుగో వంతుకి పడిపోతుంది. ఫ్లాష్‌కి రెండు మీటర్ల దూరంలో ఉన్న మనిషి మీద పడే వెలుగులో, పది మీటర్ల దూరంలో ఉన్న ఆటగాడి మీద పడేది ఇరవై అయిదో వంతు. అందుకే గ్యాలరీలో కూర్చుని క్రికెట్ మ్యాచ్‌కి ఫోన్ లైట్ కొట్టేవాళ్ల ఫొటోలో ముందు సీటాయన బట్టతల మాత్రం మెరుస్తూ ఉంటుంది.

ఆటకి ఫ్లాష్ అవసరమా?

నిజం చెప్పాలంటే, చాలాసార్లు అక్కర్లేదు. ముందు ఆటగాళ్ల సంగతి. బ్యాడ్మింటన్, టేబుల్ టెన్నిస్, జిమ్నాస్టిక్స్ లాంటి పోటీల్లో ఫ్లాష్ కొట్టనివ్వరు. కారణం మా చిన్నోడు చెప్పిందే. చూపు ఒక్క క్షణం చెదిరితే పాయింట్ పోతుంది, ఒక్కోసారి కాలు విరుగుతుంది. ఊరి టోర్నమెంట్‌లో రూల్ రాసి ఉండకపోవచ్చు. రాసి లేదని కొట్టేయకూడదు.

తర్వాత సాంకేతిక కారణం. చిన్న ఫ్లాష్‌ని ఫుల్ పవర్‌లో పేలిస్తే మళ్లీ సిద్ధం కావడానికి రెండున్నర సెకన్ల దాకా పడుతుంది. కబడ్డీ రైడ్ మొత్తం 30 సెకన్లు. అసలు పట్టు అరసెకనులో అయిపోతుంది. మీ కెమెరా సెకనుకి అయిదు ఫ్రేములు తీసినా మొదటి ఫ్రేముకే వెలుగు, మిగతా నాలుగూ చీకటి.

మరి ఆ దెయ్యపు చెయ్యి? ఫ్లాష్ మెరుపు చాలా చిన్నది. పవర్ తగ్గించేకొద్దీ ఇంకా చిన్నదవుతుంది. 1/32 పవర్‌లో అది సెకనులో కొన్ని వేల వంతు మాత్రమే. అది కదలికని చక్కగా ఆపేస్తుంది. కానీ చుట్టూ చీకటి ఉంటేనే. మా కోర్టులో నాలుగు ఫ్లడ్‌లైట్లు ఉన్నాయి. షటర్ తెరిచి ఉన్న 1/200 సెకనులో ఆ లైట్ల వెలుగు కూడా సెన్సర్ మీద పడుతూనే ఉంది. ఫ్లాష్ ఒక చెయ్యి ఆపింది, ఫ్లడ్‌లైట్ అదే చెయ్యి కదులుతున్నట్టు ఇంకోసారి గీసింది.

అమెరికాలో ఎన్‌బీఏ బాస్కెట్‌బాల్ ఫొటోలు అంత మెరుస్తుంటాయి కదా అని అడగొచ్చు. అక్కడ పెద్ద పెద్ద స్ట్రోబ్‌లు స్టేడియం పైకప్పు దగ్గర బిగించి, కింద నుంచి రిమోట్‌తో పేలుస్తారు. వెలుగు పైనుంచి పడుతుంది, ఆటగాడి కంట్లోకి నేరుగా కొట్టదు. ఆ సరంజామా మన బడ్జెట్ కాదు.

కాబట్టి మీరు తీసేది ప్రధానంగా ఆటలైతే ఆ డబ్బు లెన్స్‌కి పెట్టండి. 50 ఎంఎం ఎఫ్ 1.8 చాలు. కిట్ లెన్స్‌ని జూమ్ చేస్తే ఎఫ్ 5.6 దగ్గర ఆగిపోతుంది. దానికంటే ఎఫ్ 1.8 దాదాపు పది రెట్ల వెలుగు లోపలికి వదులుతుంది. ఆ పది రెట్లూ ఎవరి కళ్లలోనూ కొట్టకుండా వస్తాయి. డబ్బు ఇంకొంచెం ఉంటే 85 ఎంఎం ఎఫ్ 1.8, కోర్టు పక్కన కూర్చునేవాళ్లకి అది ఇంకా హాయి.

ఆటకి ఫ్లాష్ పనికొచ్చే చోట్లు కొన్ని ఉన్నాయి. కోచ్ ఒప్పుకుని, ఆటగాళ్లకి ముందే చెప్పి, ప్రాక్టీస్‌లో తీసేటప్పుడు. స్కేట్‌బోర్డ్, సైకిల్ స్టంట్, లాంగ్‌జంప్ లాంటి వాటిని ఒకే చోట మళ్లీ మళ్లీ చేయించి తీసేటప్పుడు. అప్పుడు కూడా ఫ్లాష్ ఆటగాడి చూపుకి ఎదురుగా ఉండకూడదు. పక్కన గానీ, కొంచెం వెనక గానీ, తల కంటే ఎత్తున స్టాండ్ మీద ఉండాలి.

అసలు బలం పోర్ట్రెయిట్‌లో

చిన్న ఫ్లాష్ నిజంగా పైసా వసూల్ చేసేది ఇక్కడే. ఒక షరతు: దాన్ని కెమెరా మీద నుంచి దించాలి. కెమెరా మీద పెట్టి నేరుగా కొడితే ఆధార్ కార్డు ఫొటోయే వస్తుంది. ముఖం బల్లపరుపు, వెనక గోడ మీద నల్ల నీడ.

నా ప్రస్తుత సరంజామా చెప్తాను. ధరలు ఆన్‌లైన్‌లో వారానికోలా మారతాయి, అంచనాగా తీసుకోండి.

ఫ్లాష్: గోడాక్స్ టీటీ600. అయిదారు వేలు. టీటీఎల్ లేదు, అంటే కెమెరా తనంతట తాను పవర్ లెక్కేసుకోదు, మనమే పెట్టుకోవాలి. సోనీ వాళ్లకి టీటీ600ఎస్ అని వేరే మోడల్.

ట్రిగ్గర్: గోడాక్స్ ఎక్స్2టీ, మీ కెమెరా కంపెనీకి తగ్గ వెర్షన్. నాలుగైదు వేలు. కెమెరా మీద ఇది కూర్చుంటుంది, ఫ్లాష్ దూరంగా ఉంటుంది. టీటీ600కి హెచ్‌ఎస్‌ఎస్ కూడా ఇలా ట్రిగ్గర్‌తో వాడినప్పుడే పనిచేస్తుంది, ఒంటరిగా కెమెరా మీద పెడితే కాదు.

లైట్ స్టాండ్, 43 అంగుళాల తెల్ల గొడుగు, రెండిటినీ కలిపే బ్రాకెట్: అన్నీ కలిపి రెండున్నర, మూడు వేలు.

చార్జింగ్ ఏఏ సెల్స్ నాలుగు, చార్జర్: రెండు వేల చుట్టూ.

మొత్తం పదిహేను వేలు, అటూ ఇటూగా.

టీటీఎల్ లేకపోతే ఎలా అని భయపడొద్దు. పోర్ట్రెయిట్‌లో మనిషి కదలడు, ఫ్లాష్ కదలదు. ఒకసారి సరిపెడితే వంద ఫొటోలకీ అదే. పెళ్లి ఊరేగింపుల్లో, రిసెప్షన్‌లో దూరాలు క్షణక్షణం మారతాయి, అక్కడ టీటీఎల్ కావాలి. మీకు పెళ్లిళ్ల పని ఉంటే టీటీ685 టూ గానీ, లిథియం బ్యాటరీతో వచ్చే వీ860 త్రీ గానీ చూడండి. బడ్జెట్ పెరుగుతుంది, కానీ పని చేసి సంపాదించేవాళ్లకి అది ఖర్చు కాదు.

గొడుగు ఎందుకంటే, వెలుగు పుట్టే చోటు మనిషికి ఎంత పెద్దగా కనిపిస్తే నీడలు అంత మెత్తగా పడతాయి. అగ్గిపెట్టంత ఫ్లాష్ తల గొడుగు వల్ల కిటికీ అంత అవుతుంది. అందుకే గొడుగుని దగ్గరగా పెట్టాలి. దూరం జరిపితే మళ్లీ చిన్నదైపోతుంది.

మొదటిసారికి ఇలా పెట్టి చూడండి. గొడుగు మనిషికి మీటరున్నర దూరంలో, ఒక పక్కగా, కళ్ల కంటే కాస్త ఎత్తులో. ఐఎస్‌ఓ 100, షటర్ 1/160, ఎఫ్ 5.6, ఫ్లాష్ 1/4 పవర్. ముఖం ఎక్కువ తెల్లబడితే పవర్ తగ్గించండి. వెనక ఆకాశం ఎక్కువ తెల్లగా ఉంటే షటర్ సింక్ స్పీడ్ దాకా పెంచండి, ఇంకా చాలకపోతే ఎపర్చర్ మూసి ఫ్లాష్ పెంచండి. గుర్తుంచుకోవాల్సిన సూత్రం ఒక్కటే: షటర్ చుట్టూ ఉన్న వెలుగుని మారుస్తుంది, ఫ్లాష్ వెలుగుని దాదాపు ముట్టుకోదు. ఎపర్చర్ రెండిటినీ మారుస్తుంది. ఇది అర్థమైన రోజు మిగతాదంతా సులువే.

మిట్టమధ్యాహ్నం ఎండలో మాత్రం ప్రయత్నించకండి. సూర్యుడితో పోటీకి ఒక్క చిన్న ఫ్లాష్ చాలదు. సాయంత్రం అయిదున్నర దాకా ఆగండి, లేదా చెట్టు నీడలోకి రండి.

ఇంట్లో అయితే గొడుగు లేకుండా కూడా పని అవుతుంది. ఫ్లాష్ తలని తెల్ల శ్లాబు వైపో, పక్క గోడ వైపో తిప్పి కొట్టండి. ఒక జాగ్రత్త. మన ఇళ్లలో గోడలకి చిలకపచ్చ, గులాబీ రంగులు ఎక్కువ. పచ్చ గోడకి కొడితే మనిషికి కామెర్లు వచ్చినట్టే. అలాంటి చోట స్టేషనరీ షాపులో దొరికే తెల్ల థర్మకోల్ షీట్ పెట్టి దానికి కొట్టండి. అదే షీట్ రెండో పక్క నీడ తగ్గించడానికీ పనికొస్తుంది.

కొనేముందు

మొదటిది, హాట్‌షూ మధ్య పిన్. మామూలు ఫ్లాష్‌లన్నీ హాట్‌షూ మధ్యలో ఉండే పిన్ మీదే పేలతాయి. కెనాన్ 1500డి, 3000డి, 200డి టూ లాంటి బాడీలు ఆ పిన్ లేకుండా వచ్చాయి. దాని మీద టీటీ600 పెడితే ఉలుకూ పలుకూ ఉండదు. ఫ్లాష్ పాడైందని షాపువాడితో గొడవ పడ్డవాళ్లని చూశాను. మీ కెమెరా షూలోకి ఒకసారి తొంగి చూడండి. పిన్ లేకపోతే కెనాన్ కోసమే చేసిన ట్రిగ్గర్, దాని ఫర్మ్‌వేర్ అప్‌డేట్ కావాలి. కోఠీలో కొన్నా, విజయవాడలో కొన్నా కెమెరా వెంట తీసుకెళ్లి, అక్కడే పేల్చి చూసి డబ్బులివ్వండి.

రెండోది, సెకండ్‌హ్యాండ్. చెడ్డ బేరం కాదు. ఫుల్ పవర్‌లో పదిసార్లు కొట్టి చూడండి, ప్రతిసారీ ఒకేలా పేలాలి. ముందున్న ప్లాస్టిక్ కాలి గోధుమ రంగుకి తిరిగిందంటే బాగా వాడేశారని. సెల్స్ గదిలో పచ్చగా చిలుము ఉందేమో, కింద కాలు వదులుగా ఊగుతోందేమో చూడండి.

మూడోది, పెదనాన్న పెట్టెలోని పాత ఫిల్మ్ కాలం ఫ్లాష్. దాన్ని డిజిటల్ కెమెరా మీద పెట్టకండి. ఆ కాలపు కొన్నిటిలో ట్రిగ్గర్ వోల్టేజ్ వందల్లో ఉంటుంది, కెమెరా సర్క్యూట్ కాలిపోవచ్చు. అలాగే ఏ ఫ్లాష్‌నీ విప్పి చూడొద్దు. ఈసీఈ చదివాం కదా అని స్క్రూడ్రైవర్ పట్టుకోకండి. సెల్స్ తీసేశాక కూడా లోపలి కెపాసిటర్‌లో 300 వోల్టుల దాకా నిల్వ ఉంటుంది.

నాలుగోది, సెల్స్. మామూలు ఆల్కలైన్ సెల్ 1.5 వోల్టులు, చార్జింగ్ సెల్ 1.2. అయినా ఫ్లాష్‌ని త్వరగా నింపేది చార్జింగ్ సెల్లే, ఎందుకంటే దాని లోపలి రెసిస్టెన్స్ తక్కువ, కరెంట్ ఒక్కసారిగా ఇవ్వగలదు. నాలుగూ ఒకే సెట్‌వి వాడండి. పాతవీ కొత్తవీ కలపొద్దు.

అయిదోది, గాలి. గొడుగు వేసిన స్టాండ్ ఆరుబయట తెరచాప లాంటిది. నా మూడు వేల ఫ్లాష్ అలాగే పోయింది, ట్యాంక్‌బండ్ మీద ఒక్క గాలికి పడి కాలు విరిగింది. ఇప్పుడు స్టాండ్ కింద ఇసుక నింపిన సంచి లేకుండా గొడుగు విప్పను.

మళ్లీ సంక్రాంతి

పోయిన సంక్రాంతికి ఊరెళ్లాను. మ్యాచ్ రోజు రాత్రి కెమెరా మీద ఫ్లాష్ లేదు. ఎఫ్ 1.8 లెన్స్, 1/500, ఐఎస్‌ఓ 3200. గ్రెయిన్ ఉంది, ఉండనీ. పీఈటీ మాస్టారు నన్ను చూడగానే అనుమానంగా కెమెరా వంక చూశారు. ఖాళీ హాట్‌షూ చూపించాను. నవ్వి, కోర్టు పక్కన కుర్చీ వేయించారు.

మ్యాచ్‌కి ముందు సాయంత్రం మాత్రం టీమ్‌ని చెరువు గట్టు మీదకి తీసుకెళ్లాను. స్టాండ్, గొడుగు, ఇసుక సంచి. ఒక్కొక్కరినీ నిలబెట్టి, వెనక ఆకాశం ముదురు నారింజలోకి దిగుతుంటే పది పది ఫొటోలు. చిన్నోడి వంతు వచ్చాక, "కళ్లు మూసుకోవాలా అన్నా?" అన్నాడు. ఎగతాళి చేస్తున్నాడో నిజంగా అడుగుతున్నాడో తెలియలేదు. "వద్దురా, గొడుగు వంక చూడకుండా నా వైపు చూడు చాలు" అన్నాను.

ఈసారి కూడా కప్పు రాలేదు, సెమీస్‌లోనే పోయింది. కానీ ఓడింది నా వల్ల కాదు. కనుమ రోజు పొద్దున ఊరి మొదట్లో ఆర్చి పక్కన ఫ్లెక్సీ కట్టారు. ఎప్పుడూ ఉండే పాస్‌పోర్ట్ ముఖాల బదులు చెరువు గట్టు ఫొటోలు. చిన్నోడు మధ్యలో, చేతులు కట్టుకుని. కింద ఓ మూల, అక్షర దోషంతో, ఫొటోలు తీసినవాడి పేరు కూడా వేశారు.

బస్సెక్కేటప్పుడు చిన్నోడు బ్యాగ్ అందిస్తూ, "వచ్చే ఏడు కూడా గొడుగు తీసుకురా అన్నా" అన్నాడు. ఫ్లాష్ అనలేదు, గొడుగు అన్నాడు. నేనూ సరిచేయలేదు.